పద్నాలుగో నంబరు మేక

బొల్లి మేక ఇంకొకరి చేతికి నిలవదు. వెనక భాగాన్ని గోడ మూలకు ఆనించి, బీరమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, ఎడమ చెయ్యి దాని ఎద చుట్టూ వేసి, కుడి చేత్తో దవడ ఎత్తిపట్టుకుంటే తప్ప మెడ ఇవ్వదు. ఆ సోమవారం పొద్దున కూడా అట్లాగే పట్టుకుంది. బయట ముసురు. కోస్గి చుట్టుపక్కల నాలుగు రోజులుగా ఎండ మొహం లేదు. షెడ్డు రేకుల మీద వాన పడీపడనట్టు చిటచిటమంటోంది. లోపల తడిసిన వెంట్రుకల వాసన, మేతకు తెచ్చిన వేరుశనగ కట్టె వాసన, స్పిరిట్ వాసన ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు గానీ బీరమ్మకు అది వాసన అనే తట్టదు.

యాదయ్య మెడ మీది వెంట్రుకలు కత్తిరించి, స్పిరిట్ దూదితో రుద్ది, కింద బొటనవేలితో నొక్కిపట్టాడు. నరం తాడులాగా ఉబ్బింది. సూది పెట్టేముందు అతడు ఎప్పుడూ ఒక క్షణం ఆగి బీరమ్మ వైపు చూస్తాడు. ఆమె తల ఊపాక గానీ గుచ్చడు. పశువుల వైద్యంలో రెండేళ్ళు చదువుకున్నవాడే, చేతి నేర్పు ఉన్నవాడే, అయినా మేక ఎప్పుడు బిగుసుకుంటుందో, ఎప్పుడు ఊపిరి వదిలి మెత్తబడుతుందో అది పట్టుకున్న చేతికే తెలుస్తుందని ఒప్పుకున్నాడు. అట్లా ఒప్పుకునే చదువుకున్నవాళ్ళను బీరమ్మ ఎక్కువమందిని చూడలేదు.

ఆమె తల ఊపింది. రక్తం సన్నటి గొట్టం వెంట జారి పావు లీటరు సీసాలోకి దిగడం మొదలైంది. ఇది మేకలను కోసే చోటు కాదు, పాలు పిండే చోటూ కాదు. ఇక్కడి నలభై మేకలూ రక్తం కోసమే బతుకుతున్నాయి. కుందేలు రక్తంలోంచి తీసిన ఏదో పదార్థాన్ని కంపెనీవాళ్ళు హైదరాబాద్ నుంచి పంపుతారు. దాన్ని మేకకు సూది వేస్తే, తన ఒంట్లోకి పరాయిది వచ్చిందని మేక రక్తం పసిగట్టి, దాన్ని పట్టుకునే గుణాన్ని పుట్టిస్తుంది. ఆ గుణం ఉన్న రక్తాన్ని సీసాల్లో పట్టి ఐసు పెట్టెలో పంపిస్తే, అక్కడ దాన్ని విడదీసి, మెరిసే రంగు అంటించి, పరిశోధన చేసేవాళ్ళకు అమ్ముతారు. ఇంతవరకు యాదయ్య చెప్పగా బీరమ్మ విన్నది. ఆ తరువాత వాళ్ళు దానితో ఏం చేస్తారో యాదయ్యకు కూడా సరిగ్గా తెలియదు.

సీసా నిండింది. సూది తీసి, దూది ఒత్తిపెట్టి, అతడు మేక మెడపట్టీకి వేలాడుతున్న బిళ్ళ చూసి, సీసా మీద నంబరు రాశాడు. ముప్పై ఒకటి. రిజిస్టరులోనూ అదే రాశాడు. బీరమ్మ దూది మీద వేలు తీయకుండా, మేక చెవిలో ఏదో గొణుగుతూ అట్లాగే కూర్చుంది.

అప్పుడే షెడ్డు ముందు జీపు ఆగింది. మేనేజరు పరశురాములు దిగి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి యాదయ్యను పిలిచాడు. యాదయ్య చేతులు తుడుచుకుంటూ వెళ్ళాడు. మొదట మాటలు మెల్లగానే నడిచాయి. తరువాత పరశురాములు గొంతు పెరిగింది. వేరుశనగ కట్టె మోపు విప్పుతున్నట్టు నటిస్తూ బీరమ్మ అంతా విన్నది.

పోయిన రెండు నెలల్లో పంపిన రక్తం చెడిందట. పద్నాలుగో నంబరు మేక రక్తం, అన్ని మేకల్లోకి బలమైనదని పేరు పడ్డది, రంగు అంటించి చూస్తే ఎక్కడా వెలగలేదట. ముప్పై ఒకటో నంబరు మేకకు అసలు సూదే వేయరు, పోల్చి చూడటానికి ఒట్టిగా ఉంచుతారు. దాని రక్తం వెలిగిందట. కొన్నవాళ్ళు సరుకంతా తిప్పి పంపి, తప్పు ఎవరిదో తేల్చి కాగితం రాసి పంపమన్నారట. గురువారం కంపెనీ హైదరాబాద్ ల్యాబు నుంచి ఒక మేడం వస్తుంది, అప్పటిదాకా యాదయ్య రిజిస్టరు ముట్టుకోవద్దు, షెడ్డులో అడుగు పెట్టొద్దు.

యాదయ్య తాను ప్రతిసారీ బిళ్ళ చూసే సూది వేశానని, బిళ్ళ చూసే రక్తం తీశానని, రిజిస్టరు తెరిచి చూడమని చెప్పాడు. ఆ మాటే మూడుసార్లు చెప్పాడు. పరశురాములు వినిపించుకోకుండా జీపు వైపు తిరిగి, తిరిగినవాడు ఆగి ఒక మాట అన్నాడు.

"తాగొచ్చి ఏ మేకకు ఏస్తున్నవో సూస్కోకుండ ఏసినవ్. ఇంకేముంటది?"

యాదయ్యకు తాగుడు అలవాటు లేదు. ఆ సంగతి పరశురాములుకూ తెలుసు. అయినా ఆ మాట అక్కడ గుమ్మంలో పడింది, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు విన్నాడు, దాణా బస్తాలు దించే ఇద్దరు విన్నారు. యాదయ్య రబ్బరు బూట్లు విప్పి గోడకు ఆనించి, చెప్పులు వేసుకొని, వానలోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

బీరమ్మ బొల్లి మెడ మీది దూది తీసింది. రక్తం ఆగింది. పట్టీ ఒరుసుకున్న చోట పాత పుండు మాని, వెంట్రుకలు కొత్తగా మొలుస్తున్నాయి. ఆ కొత్త వెంట్రుకల మీద చెయ్యి పెట్టినప్పుడే ఆమెకు గుర్తొచ్చింది, గుర్తొచ్చి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

రెండు నెలల కిందట, బోనాల నెలలో ఇట్లాగే ముసురు పట్టింది. నైలాన్ పట్టీలు తడిసి బిగుసుకొని, సూది పోటు పడ్డ మెడలనే ఒరుసుకొని, బొల్లికీ, మచ్చల మేకకూ పచ్చిపుండ్లు పడ్డాయి. ఈగలు ముసిరాయి. నూలు పట్టీలు తెప్పించమని ఆమె పరశురాములును రెండుసార్లు అడిగింది. ఆయన చూద్దామన్నాడు. పురుగు పట్టేదాకా చూస్తూ కూర్చోవడం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెకు చేతకాదు. రెండు పట్టీలు విప్పి, సబ్బుతో కడిగి, గోడ మీద ఆరేసి, వేపనూనెలో పసుపు కలిపి ఐదు రోజులు పుండ్లకు రాసింది. పుండ్లు ఆరాక పట్టీలు తీసుకొచ్చి మళ్ళీ కట్టింది. ఏది చేతికి వస్తే అది, ఏ మేక ముందు వస్తే దానికి.

ఏ పట్టీ ఏ మెడదని ఆమె చూడలేదు. చూడాలని తోచనే లేదు. నాలుగు వందల జీవాలున్న మందలో తన గొర్రెను తాను గుర్తుపట్టడానికి ఎవరైనా మెడలో నంబరు కట్టుకుంటారా? ఆమెకు బొల్లి అంటే నొసట తెల్లచుక్క, వంగిన ఎడమకొమ్ము, తినేటప్పుడు ముందు ఆకులు ఏరుకొనే సోకు. మచ్చల మేక అంటే దగ్గులాంటి అరుపు. పట్టీ అంటే మెడలో కట్టిన గంటలాంటిది, దేనికి కట్టినా మోగుతుంది. ఆ పట్టీ మీది అంకెనే యాదయ్య, పరశురాములు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళందరూ మేక అనుకుంటున్నారని ఆమెకు ఈ పొద్దుదాకా తెలియదు.

పొద్దు గూకేవేళకు ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కొని, అరుగు మీద ఉన్ని వడుకుతున్న మొగుడు ఐలేశం పక్కన కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కదురు ఆపలేదు. గొర్లు కాసే కురుమోళ్ళ ఇంట్ల పుట్టి మేకలను మార్చినవా అన్నాడు. ఎగతాళికే అన్నాడు గానీ ఆమెకు అది గుచ్చుకుంది.

"మేకలను మార్వలే. పట్టీలు మార్సిన" అంది.

దానికీ దీనికీ ఏం తేడా అని ఆయన అడిగాడు. తేడా ఉందని ఆమెకు తెలుసు. ఆ తరువాత ఐలేశం గొంతు తగ్గించి, ఎవరు చూశారు, ఎవరికి చెప్పావు, గమ్మున ఊరుకో, చెబితే నీ పని పోతుంది, వాడు చదువుకున్నవాడు ఇంకోచోట దొరకబుచ్చుకుంటాడు అన్నాడు. బీరమ్మ చీకటి పడుతుంటే లేచి పొయ్యి అంటించింది. ఆ పూట జొన్నరొట్టె మాడింది. ఐలేశం మాడిన రొట్టెనే తిన్నాడు.

మంగళవారం, బుధవారం షెడ్డులో యాదయ్య లేడు. సూదులు లేవు, రక్తం తీయడం లేదు. బీరమ్మ మేత వేసింది, ఎరువు ఎత్తింది, నీళ్ళ తొట్టి కడిగింది. మచ్చల మేక మెడలో బొల్లిది పద్నాలుగు, బొల్లి మెడలో మచ్చలదాని ముప్పై ఒకటి వేలాడుతూనే ఉన్నాయి. ఎన్నోసార్లు ఆమె చెయ్యి పట్టీ దాకా పోయింది. ఇప్పుడు విప్పి మార్చి కడితే యాదయ్య మాటే అబద్ధమవుతుందని భయపడి వదిలేసింది. అంకెలు చదవడం రాకపోయినా ఆ రెండు బిళ్ళల మీది గీతలు ఇప్పుడు ఆమెకు కంఠతా వచ్చేశాయి.

బుధవారం పని అయ్యాక ఊరికి పోయే ఆటో ఎక్కకుండా కోస్గి ఆటో ఎక్కి, బజారులో దిగి, దారి అడుగుతూ యాదయ్య ఇల్లు చేరింది. అతడు లేడు. మహబూబ్‌నగర్‌లో ఎవరో కోళ్ళ ఫారం వాళ్ళను కలవడానికి పోయాడట. భార్య యాదలక్ష్మి వాకిట్లో చాట ముందు పెట్టుకొని విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. ఎదురింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు అదే పనిలో ఉన్నారు. మామూలుగా అయిదుగురూ ఒకచోట కూర్చుంటారేమో, ఆ అరుగు మీద ఒకరి చోటు ఖాళీగా కనబడింది. యాదలక్ష్మి లేచి నీళ్ళిచ్చి, పీట వేసి, తన పనిలో తాను కూర్చుంది.

బీరమ్మ అడగకుండానే ఆమె చెప్పుకొచ్చింది. తాగి మేకలకు సూదులేసి చంపాడని వాడకట్టులో అనుకుంటున్నారట. ఒక్క మేక కూడా చావలేదని ఎవరికని చెబుతుంది? మొన్నటిదాకా జ్వరం వచ్చిన ఆవుకైనా, కుంటిన దూడకైనా ఆయననే పిలిచేవారు. నిన్న పక్కింటి బర్రె ఈనలేక తన్నుకుంటుంటే ఈయనను పిలవకుండా మండలం డాక్టరు కోసం మనిషిని పంపారట. డాక్టరు వచ్చేసరికి దూడ పోయింది. ఈయన ఇంట్లోనే ఉన్నాడు. తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాడు.

చెబుతున్నంతసేపూ ఆమె వేళ్ళు ఆగలేదు. కాయను బొటనవేలికీ నేలకూ మధ్య నొక్కితే టప్పుమని పగలడం, పప్పులు చాటలోకి, పొట్టు పక్కకు. బీరమ్మ ఆ వేళ్ళనే చూస్తూ, పట్టీలు మార్చి కట్టింది తానేనని చెప్పింది. టప్పుమనే చప్పుడు ఒక్కసారి ఆగింది. మళ్ళీ మొదలైంది. యాదలక్ష్మి తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నా ముంగట చెప్తే ఏమొస్తది పెద్దమ్మా? చెప్పాల్సినోళ్ళ ముంగట చెప్పు."

గురువారం వచ్చిన మేడం పేరు స్నేహలత. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. సొంతూరు నల్లగొండ దగ్గరి పానగల్ అని, తన మేనమామలకూ జీవాలున్నాయని వచ్చీ రాగానే చెప్పింది. పెట్టెలోంచి గాజు గొట్టాలు, సీసాలు, వెండి కాగితం చుట్టిన చిన్న చిన్న గొట్టాలు తీసి బల్ల మీద పేర్చుకుంది. యాదయ్యను కూడా పిలిపించారు. అతడు షెడ్డు బయట పంచ కింద నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

బీరమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకొని, బల్ల దగ్గరికి పోయి చెప్పింది. పరశురాములు ఆమెను పక్కకు పొమ్మన్నాడు. యాదయ్య ఇంటికి నువ్వు నిన్న పోయిన సంగతి తెలుసు, వాడు నేర్పి పంపిన మాటలు ఇవి అన్నాడు. స్నేహలత మాత్రం చేతిలో పని ఆపి, పుండ్లు ఎప్పుడు పడ్డాయి, ఎన్ని రోజులు పట్టీలు తీశావు, ఆ తరువాత సూదులు ఏమైనా వేశారా అని ఒకటొకటిగా అడిగింది. ఆ తరువాత సూదులు వేయలేదు, రక్తమే మూడుసార్లు తీశారు, అందులో రెండుసార్లది హైదరాబాద్ పోయింది, సోమవారం తీసింది ఇక్కడే పెట్టెలో ఉంది. రిజిస్టరు తిరగేస్తే అదీ సరిగ్గానే ఉంది.

"మరి ఏది ఏదో ఇప్పుడు చెప్పగలవా అవ్వా?"

"కండ్లు మూసి చెప్తా బిడ్డా."

మాటకు అన్నదే గానీ స్నేహలత దాన్ని నిజంగానే పట్టుకుంది. అన్ని పట్టీలూ విప్పించింది. బీరమ్మను బయటికి పంపి, మేకలను ఒకదానితో ఒకటి కలిపేసి, ఆమె కళ్ళకు తువ్వాలు కట్టించి లోపలికి తీసుకొచ్చింది. బీరమ్మ ఒక్కొక్కదాని నొసటి మీద, కొమ్ముల మొదట్లో, చెవి వెనక చెయ్యి పెట్టి చెప్పుకుంటూ పోయింది. ఇది బొల్లి. ఇది అచ్చంపేట సంతలో తెచ్చినది, పోయినేడు కవల పిల్లలను ఈనింది. ఇది మచ్చలది. ఇది మేత కాడ అందరినీ పొడిచేది. నలభై మేకల్లో ఒక్కటి కూడా తప్పలేదని స్నేహలత అనలేదు, అనడానికి ఆమె దగ్గర సరిచూసుకునే దారి లేదు. కానీ ఒక్కొక్కదాని వీపు మీద సుద్దతో గుర్తు పెట్టి, రెండోసారి కలిపి చూసినా బీరమ్మ చెప్పిన పేర్లు మారలేదు.

ఆ తరువాత బొల్లి రక్తం, మచ్చలదాని రక్తం కొంచెం కొంచెం తీసి, గడ్డకట్టనిచ్చి, మిషన్‌లో తిప్పి, పైన తేరిన లేత పసుపు నీటిని రెండు సన్నటి గాజు గొట్టాల్లో పోసింది. దాని మీద కుందేలు పదార్థం కలిపిన నీళ్ళను అంచు వెంట, లోపలిది కదలకుండా జార్చింది. అందరూ వంగి చూశారు. మచ్చలదాని గొట్టంలో ఏమీ జరగలేదు. బొల్లి గొట్టంలో రెండు నీళ్ళూ కలిసే చోట ముందు మసకలాగా, తరువాత దారమంత సన్నగా తెల్లటి వలయం తేలింది. కుందేలుదాన్ని పట్టుకునే గుణం బొల్లి రక్తంలోనే ఉంది.

పరశురాములు నిటారుగా నిలబడ్డాడు.

స్నేహలత బీరమ్మను చేయి పట్టుకొని దాణా గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసింది. వెండి కాగితం విప్పి, చిన్న గొట్టం మీద నీలి లైటు వేసింది. గొట్టంలోని చుక్క పచ్చగా వెలిగింది, గడ్డిలో మిణుగురు ఉన్నట్టు. ఇది బొల్లిదే, రంగు అంటించినది, పోయిన సంవత్సరంది అని చెప్పింది. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కలో తమకు కావలసిన ప్రొటీన్ ఎక్కడ ఉందో కంటికి కనబడదు. ముందు కుందేలుదాన్ని వదిలితే అది పోయి ఆ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. తరువాత మన మేకదాన్ని వదిలితే అది పోయి కుందేలుదాన్ని పట్టుకుంటుంది. మేకదానికి రంగు కట్టి ఉంటుంది గనుక ఎక్కడ వెలుగు కనబడితే అక్కడ ఉన్నట్టు.

బీరమ్మ ఆ వెలుగును చాలాసేపు చూసింది. పోయిన రెండు నెలలు అక్కడి పిల్లలకు ఇది కనబడలేదా అని అడిగింది. కనబడలేదని, సరుకు కొన్న ల్యాబులో ఒక అమ్మాయి చదువు గడువు దగ్గర పడుతుంటే రోజూ చీకటి తెర చూసి, తన చేతిలోనే లోపం ఉందనుకొని మూడుసార్లు మొదటినుంచి చేసిందని, చివరికి చదువే మానేస్తానని ఏడ్చిందని స్నేహలత చెప్పింది. చెప్పి, ఈ ముసలామెకు ఎందుకు చెప్పానా అనుకున్నట్టు లైటు ఆర్పేసింది. చీకట్లో బీరమ్మ, ఆ పిల్లకు కూడా నా పేరు చెప్పు బిడ్డా అంది.

బయటికి వచ్చాక ఆమెకు గుండె కొంచెం తేలికపడింది. తప్పు ఏదో తేలింది, ఎవరిదో తేలింది, ఇంక రాయడమే. పనిలోంచి తీసేస్తారు. తీసేయనీ. ఐలేశం నాలుగు రోజులు గొణుగుతాడు. పంచ కింద నిలబడ్డ యాదయ్య వైపు చూసి తల ఊపింది, రక్తం తీసేముందు ఊపినట్టే. అతడు కూడా తల ఊపాడు గానీ మొహం మారలేదు. అతడికి అప్పటికే ఏదో తెలుసు.

శుక్రవారం పొద్దున పరశురాములు ఆమెను బల్ల దగ్గరికి పిలిచి, ఎన్నడూ లేనిది కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. వేలిముద్ర వేయడానికి కాగితం సిద్ధంగా ఉంది. అందులో ఏముందో చదివి చెప్పమని ఆమె స్నేహలతను అడిగింది. స్నేహలత కాగితం తీసుకుంది, పరశురాములు వైపు ఒకసారి చూసి, చదివింది. పశు సహాయకుడు యాదయ్య నిర్లక్ష్యం వల్ల రెండు మేకల మెడపట్టీలు తారుమారయ్యాయి. అతడిని పనిలోంచి తొలగించాము. ఇకపై ఇట్లా జరగదు. సాక్షి, మేకల కాపరి బీరమ్మ.

బీరమ్మకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చదవమంది. మళ్ళీ అదే ఉంది.

పరశురాములు కోపం లేకుండానే, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. పట్టీలు కట్టడం, విప్పడం యాదయ్య పని అని కంపెనీ కాగితాల్లో ఉంది. చదువు రాని మనిషి చేతికి నంబర్లు ఎందుకిచ్చారని కొనేవాళ్ళు అడిగితే షెడ్డే మూతపడుతుంది, నలభై మేకలనూ సంతకు తోలాలి. అదే చదువుకున్నవాడు పొరపాటు చేశాడు, తీసేశాము అంటే అక్కడితో ఫైలు మూస్తారు. యాదయ్య పట్టీ చూశాడు గానీ మేకను చూడలేదు కదా, అది తప్పు కాదా? ఇక నుంచి ఏ మేక ఏదో బీరమ్మే చెప్పాలి, ఆమె చెప్పాకే సూది, ఆమె చెప్పాకే సీసా. జీతం కూడా పెంచమని రాశాడట.

"నీకు చదువు రాదు బీరవ్వా. నీ తప్పేమున్నది ఇందుల?"

ఆమె యాభై ఏళ్ళుగా జీవాల మధ్య బతికింది. తోడేలు పట్టిన గొర్రెకూ, విషపు ఆకు తిన్న మేకకూ, వాగులో కొట్టుకుపోయిన పిల్లకూ, తన ఏమరుపాటు వల్ల పోయినదానికల్లా ఇంటిముందు నిలబడి తిట్లు తిన్నది. తప్పు చేసినందుకు తిట్టినవాళ్ళు ఉన్నారు, కొట్టినవాళ్ళూ ఉన్నారు. నువ్వు తప్పు చేయడానికి కూడా చాలవని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆమె స్నేహలత వైపు చూసింది. ఆ పిల్ల బల్ల మీది గాజు గొట్టాలను ఒక్కొక్కటిగా దూదిలో చుట్టి పెట్టెలో పెట్టుకుంటోంది. తన రిపోర్టులో జరిగింది జరిగినట్టే రాస్తాను, కానీ ఈ కాగితం కంపెనీ ఆఫీసుది, దాని మీద తన మాట చెల్లదు అని మెల్లగా అంది.

తాళం చెవి అప్పగించడానికి యాదయ్య అప్పుడే వచ్చాడు. సిరా బిళ్ళ, కాగితం, నిలబడ్డ బీరమ్మను చూసి సంగతి గ్రహించాడు. తాళం చెవి బల్ల మీద పెట్టి, ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఎయ్యి అవ్వా. నా పనైతే ఎట్లైన పాయె. నీదన్న ఉండనీ. నువ్వు లేకుంటే గీ మేకలు ఆగమైతయి."

అతడి గొంతులో నిష్టూరం లేదు. అందుకే ఆమె బల్ల అంచు పట్టుకుంది. పరశురాములు సిరా బిళ్ళ మూత తీసి ముందుకు జరిపాడు. బీరమ్మ తన బొటనవేలిని చూసుకుంది. చర్మం పగిలి, గీతల్లో పసుపు, వేపనూనె నల్లగా ఇంకిపోయి ఉన్నాయి.

"తప్పు నాది కొడకా" అని యాదయ్యతో అంది. "గది నీకియ్య."

పరశురాములు ఇంకోసారి చెప్పి చూశాడు. తరువాత చేతి గడియారం చూసుకున్నాడు. అట్లయితే రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె సరేనంది.

ఆ పూట బొల్లి రక్తం హైదరాబాద్ పోవాలి. సోమవారంది పాడైపోయిన లెక్కే. కొత్తగా పిలిపించిన కాంపౌండరు గోపాల్ మేకను మూలకు తోలి పట్టుకోబోతే అది విదిలించుకొని తొట్టి మీదికి దూకింది. రెండోసారి సూది పక్కకు దిగి మెడ వాచింది. మేక అరుపు వాకిలి దాకా పోయిన బీరమ్మకు వినబడింది. ఎవరూ పిలవలేదు. ఆమె వెనక్కి తిరిగి లోపలికొచ్చి, గోపాల్‌ను పక్కకు జరగమని, మోకాళ్ళ మీద కూర్చొని, ఎద చుట్టూ చెయ్యి వేసింది. యాదయ్య గుమ్మంలోనే ఉన్నాడు. అవతలి వైపు గుచ్చమని, కింద నొక్కిపట్టమని, ఆమె తల ఊపేదాకా ఆగమని అక్కడి నుంచే గోపాల్‌కు చెప్పాడు. సీసా నిండింది.

స్నేహలత సీసా మీద పద్నాలుగు అని రాసి, పెట్టెలో సర్దుకొని, జీపెక్కింది. వేలిముద్ర చోటు ఖాళీగానే ఉన్న కాగితాన్ని పరశురాములు మడిచి కవరులో పెట్టి ఆ పెట్టెతోపాటే పంపాడు. సాక్షి ముద్ర ఏదని ఆ తరువాత ఎవరూ అడగలేదు. ఫైలు మూశారు.

బీరమ్మ, యాదయ్య రోడ్డు మీద ఆటో కోసం చాలాసేపు నిలబడ్డారు. ముసురు పలచబడింది. తన ఊరి ఆటో ముందు వచ్చినా ఆమె ఎక్కలేదు. కోస్గి ఆటోలో అతడి వెంట ఎక్కింది. ఎక్కడికి అవ్వా అంటే, మీ ఇంటికే అంది. అతడు వద్దన్నాడు. ఆమె ఆటో లోంచి పచ్చ తిరిగిన కంది చేన్లను చూస్తూ కూర్చుంది.

ఎదురింటి అరుగు మీద ఆ నలుగురూ పల్లికాయ ఒలుస్తూనే ఉన్నారు. యాదలక్ష్మి తన వాకిట్లో ఒక్కతే ఉంది. బీరమ్మ ఆమె దగ్గర ఆగకుండా నేరుగా ఆ అరుగు దగ్గరికి పోయింది. నిలబడి, బోనాల నెలలో పడ్డ ముసురు నుంచి ఎత్తుకొని, పుండ్లు, పట్టీలు, వేపనూనె, గాజు గొట్టంలో తేలిన తెల్ల వలయం, అన్నీ చెప్పింది. యాదయ్య తాగలేదని చెప్పింది. ఒక్క మేకా చావలేదని చెప్పింది. పట్టీలు తాను మార్చానని, తన పేరు బీరమ్మ అని, మొగుడి పేరు ఐలేశం అని, అబద్ధమైతే తన ఊరికి వచ్చి అడగమని చెప్పింది.

వాళ్ళు విన్నారు. ఒలవడం ఆపి మరీ విన్నారు. ఆ నలుగురిలో పెద్దామె సుగుణమ్మ కొంగుతో నోరు తుడుచుకొని, బీరమ్మను పైనుంచి కిందిదాకా చూసి, ఆమెను దాటి యాదయ్యతో మాట్లాడింది.

"ముసల్దానికి ఏం చెప్పి తోల్కొచ్చినవ్ యాదయ్యా?"

మిగతా ముగ్గురిలో ఎవరో చిన్నగా నవ్వారు. యాదయ్య తల దించుకొని ఇంట్లోకి పోయాడు. యాదలక్ష్మి చాట మీది నుంచి కళ్ళెత్తలేదు. బీరమ్మ ఆ నలుగురి మొహాలూ ఒకదాని తరువాత ఒకటి చూసింది. తరువాత అరుగు మీద ఖాళీగా ఉన్న చోట, ఎవరూ రమ్మనకుండానే కూర్చుంది. కాళ్ళు ముడుచుకొని, కుప్పలోంచి దోసెడు కాయ ముందుకు లాక్కుంది. ఒకటి నేలకు నొక్కి పగలగొట్టి, పప్పులు చాటలో వేసి, బోనాల నెల ముసురు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.